ఫోటో అడ్డంగానా, నిలువుగానా? పొలం వీడియోలు తీసే రైతులకు ఫ్రేమ్ కొలతల లెక్క



ఈరోజు కషాయాల గురించో, విత్తనాల గురించో కాకుండా మన చేతిలో ఉండే సెల్‌ఫోన్ గురించి మాట్లాడుకుందాం. ఆకు మీద మచ్చ కనపడితే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. బియ్యం, పసుపు, బెల్లం అమ్మాలంటే కొనేవాళ్లు ముందు ఫోటో పంపమంటున్నారు. జీవామృతం ఎలా కలుపుతారో చూపించండి అని పక్క ఊరి రైతు అడిగితే వీడియో తీసి పంపుతున్నాం. అంటే మన పొలానికి రాని మనిషికి ఆ ఫోటోనే మన పొలం. అందులో కనపడిందే అతనికి తెలుస్తుంది, కనపడనిది లేనట్టే లెక్క.

ఏది కనపడాలి, ఏది బయట ఉండిపోవాలి అనేది చాలావరకు ఫ్రేమ్ ఆకారమే తేలుస్తుంది. ఈ ఆకారాన్నే యాస్పెక్ట్ రేషియో అంటారు. పేరు వినగానే ఇదేదో సినిమావాళ్ల వ్యవహారం అనుకోవద్దు. సాలుకీ సాలుకీ, మొక్కకీ మొక్కకీ దూరం లెక్క వేసుకునే రైతుకి ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

యాస్పెక్ట్ రేషియో అంటే ఏమిటి?

ఫోటో వెడల్పుకీ ఎత్తుకీ మధ్య ఉండే నిష్పత్తి, అంతే. మొదటి అంకె వెడల్పు, రెండో అంకె ఎత్తు. 16:9 అంటే వెడల్పు 16 పాళ్లు ఉంటే ఎత్తు 9 పాళ్లు. అదే ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే 9:16 అవుతుంది. 1:1 అంటే నాలుగు పక్కలా సమానం, చదరం.

మన జాతీయ జెండా నిష్పత్తి 3:2. బల్ల మీద పెట్టే చిన్న జెండా అయినా, కోట మీద ఎగిరే పెద్ద జెండా అయినా ఆకారం మారదు. 3 అడుగుల పొడవుంటే 2 అడుగుల ఎత్తు, 6 అడుగులుంటే 4 అడుగులు. పత్తిని 90×60 సెంటీమీటర్ల దూరంలో వేస్తే అదీ 3:2 నిష్పత్తే. శ్రీ పద్ధతిలో వరి 25×25 వేస్తే 1:1.

ఇక్కడ చాలామంది మెగాపిక్సెల్‌కీ దీనికీ తికమక పడతారు. మెగాపిక్సెల్ అంటే విస్తీర్ణం, యాస్పెక్ట్ రేషియో అంటే ఆకారం. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. 660 అడుగుల పొడవు, 66 అడుగుల వెడల్పు ఉన్న సన్నటి పట్టీ కూడా ఎకరమే. 330 అడుగుల పొడవు, 132 అడుగుల వెడల్పు ఉన్నదీ ఎకరమే. విస్తీర్ణం ఒకటే, ఆకారం వేరు. ఫోటోలు కూడా అంతే.

మీ ఫోటో ఏ ఆకారంలో ఉందో తెలియాలంటే గ్యాలరీలో దాని వివరాలు తెరవండి. 4000×3000 అని ఉంటే రెండింటినీ 1000తో భాగించండి, 4:3 వస్తుంది. 1920×1080 అని ఉంటే రెండింటినీ 120తో భాగించండి, 16:9 వస్తుంది.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

తొలి రోజుల సినిమా ఫిల్మ్ ఆకారం 4:3. టీవీలు వచ్చినప్పుడు అవీ అదే ఆకారంలో వచ్చాయి. మన ఇళ్లలో ఉండిన పాత డబ్బా టీవీ గుర్తుందిగా, అదే 4:3. అమెరికాలో టీవీ ఇంటింటికీ చేరాక జనాన్ని మళ్లీ హాలుకి రప్పించడానికి సినిమావాళ్లు తెరని అడ్డంగా సాగదీశారు. 1953లో వచ్చిన 'ది రోబ్' సినిమాతో సినిమాస్కోప్ మొదలైంది. మన తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'.

ఆ వెడల్పాటి సినిమాని డబ్బా టీవీలో వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చేవి. 1980లలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు అప్పటికి వాడుకలో ఉన్న ఆకారాలన్నింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, అన్నింటికీ సర్దుబాటు అయ్యే మధ్య ఆకారంగా 16:9ని సూచించారు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న ఎల్‌ఈడీ టీవీ, యూట్యూబ్‌లో మామూలుగా చూసే వీడియో, అన్నీ ఆ ఆకారమే. ఆ తర్వాత జనం ఫోన్‌ని నిలువుగా పట్టుకుని చూడటం మొదలుపెట్టారు కాబట్టి 9:16 వచ్చింది. షార్ట్స్, రీల్స్, వాట్సాప్ స్టేటస్ ఈ ఆకారంలోనివే.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, ప్రతి ఆకారమూ అది ఎక్కడ చూస్తారో దాన్ని బట్టి పుట్టింది. మనం కూడా బటన్ నొక్కే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చూపించాల్సిన వస్తువు నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? చూసేవాళ్లు దేనిలో చూస్తారు?

తెగులు ఫోటో: అసలు నష్టం ఇక్కడే

అమ్మకం ఫోటో సరిగ్గా రాకపోతే మళ్లీ తీసి పంపుకోవచ్చు. పంటకి సమస్య వచ్చినప్పుడు తీసే ఫోటో అలా కాదు. దాన్ని చూసి ఎవరో ఒక సలహా ఇస్తారు, మనం ఆ పని చేసేస్తాం. ఫ్రేమ్‌లో సగం మొక్క కోసుకుపోతే సలహా కూడా సగమే వస్తుంది.

వరిలో సుడిదోమ సంగతి చూడండి. అది ఆకుల మీద ఉండదు, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. రైతు గట్టు మీద నిలబడి ఫోన్ అడ్డంగా పట్టుకుని ఎండిన ఆకుల్ని మాత్రమే తీసి పంపితే చూసేవాళ్లకి ఎండిన ఆకులే కనపడతాయి. ఆకు ఎండటానికి కారణాలు చాలా ఉంటాయి. ఒకరు ఎండు తెగులు అంటారు, ఇంకొకరు జింకు లోపం అంటారు. అసలు దోషి ఫ్రేమ్ కింద దాక్కుని ఉంటుంది. నీరు తీసేసి పొలం ఆరబెట్టాల్సిన రెండు మూడు రోజులూ ఈ చర్చలోనే గడిచిపోతాయి.

మిరపలో ఆకు ముడత కూడా అంతే. తామర పురుగు ఆశిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అవుతాయి. నల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా అవుతాయి. ఒక్క ఆకుని తెంపి అరచేతిలో పెట్టి చదరంగా కోసి పంపారనుకోండి. అది పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా అని ఎలా చెప్పాలి? ఏది పైవైపో ఏది కిందివైపో తెలియదు కదా. కొమ్మతో సహా తీస్తే ఆ గొడవే ఉండదు.

పోషక లోపాలకీ ఇదే లెక్క. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు పచ్చబడతాయి. ఇనుము తక్కువైతే పైన లేతాకులు పాలిపోతాయి. పసుపు రంగు ఏ ఆకుల్లో మొదలైందో తెలియాలంటే మొక్క పైనుంచి కింది వరకూ ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి. అది నిలువు ఫ్రేమ్‌లోనే కుదురుతుంది.

అందుకని సమస్య అడిగేటప్పుడు ఒక్క ఫోటో కాదు, మూడు పంపండి.

మొదటిది, ఫోన్ అడ్డంగా పట్టుకుని పొలం మొత్తం. సమస్య పొలమంతా ఉందా, గట్టు పక్కనే ఉందా, సుడులు సుడులుగా ఉందా అనేది ఇందులో తెలుస్తుంది.

రెండోది, ఫోన్ నిలువుగా పట్టుకుని ఒకే మొక్క, వేరు మొదలు నుంచి చివరి చిగురు దాకా. ఎత్తు మొక్క అయితే ఒకటి రెండు అడుగులు వెనక్కి జరగండి. వరి అయితే వంగి దుబ్బుని చేత్తో విడదీసి మొదలు కనపడేలా ఇంకొకటి తీయండి.

మూడోది, బాగా దగ్గరగా ఆకు పైభాగం ఒకటి, కింది భాగం ఒకటి. పక్కన రూపాయి బిళ్ల పెడితే పురుగు సైజు తెలుస్తుంది.

ఈ ఫోటోల్ని కోయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి పంపొద్దు. వాట్సాప్‌లో పంపేటప్పుడు పైన హెచ్‌డీ గుర్తు నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు చూసేవాళ్లు పెద్దది చేసుకుని చూసినా చెదిరిపోదు.

కెమెరాలో 'ఫుల్' అంటే నిండు ఫోటో కాదు

మీ ఫోన్ కెమెరా తెరిస్తే 3:4, 9:16, 1:1, ఫుల్ అని కనపడతాయి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్ లోపల ఉంటాయి. 'ఫుల్' అని ఉంటే మొత్తం వస్తుంది కదా అని చాలామంది అదే పెట్టుకుంటారు. నిజానికి ఫుల్ అంటే మీ ఫోన్ తెర నిండుగా అని అర్థం, కెమెరా చూసినదంతా అని కాదు.

చాలా ఫోన్లలో లోపల ఉండే సెన్సార్ ఆకారం 4:3. ఆ ఆకారంలో తీస్తేనే కెమెరా చూసిందంతా ఫోటోలోకి వస్తుంది. మిగతా ఆకారాలన్నీ దాన్ని కోసి ఇచ్చేవే. 12 మెగాపిక్సెల్ కెమెరాతో లెక్క చూద్దాం.

4:3లో తీస్తే 4000×3000, అంటే మొత్తం 12 మెగాపిక్సెల్.
16:9లో తీస్తే 4000×2250, అంటే 9 మెగాపిక్సెల్. పావు వంతు పోయింది.
చదరంగా తీస్తే 3000×3000, ఇదీ 9 మెగాపిక్సెలే.
20:9 తెర ఉన్న ఫోన్‌లో ఫుల్ పెడితే 4000×1800, అంటే 7.2 మెగాపిక్సెల్. నూటికి నలభై పోయింది.

ఎకరానికి 40 గుంటలు కదా. 16:9 పెడితే 10 గుంటలు, ఫుల్ పెడితే 16 గుంటలు బీడు పెట్టుకున్నట్టే. కావాలని వదిలితే వేరు, తెలియక వదిలితే నష్టం. కాబట్టి ఫోటోలకి ఎప్పుడూ 4:3 పెట్టుకోండి. నిలువుగా పట్టుకున్నప్పుడు తెర మీద అది 3:4 అని కనపడుతుంది, రెండూ ఒకటే. తర్వాత చదరం కావాలన్నా, 16:9 కావాలన్నా అందులోంచి కోసుకోవచ్చు. ఒకసారి కోసి తీసినదాన్ని మాత్రం మళ్లీ పెంచుకోలేం.

వీడియో అడ్డంగా తీయాలా, నిలువుగా తీయాలా?

ఎవరు అడిగినా అడ్డంగానే తీయండి అని చెప్పేవాళ్లు ఉన్నారు. ఈ రోజుల్లో జనం అంతా నిలువుగానే చూస్తున్నారు అనేవాళ్లూ ఉన్నారు. రెండూ పూర్తి నిజం కాదు.

అడ్డంగా తీసిన 16:9 వీడియోని నిలువుగా పట్టుకున్న 9:16 తెర మీద చూస్తే అది తెరలో మూడో వంతు కంటే తక్కువ జాగాలో కనపడుతుంది. నిలువు వీడియోని టీవీలో వేసినా అంతే, రెండు పక్కలా నలుపు, మధ్యలో సన్నటి పట్టీ. రైతు వేదికలోనో, రైతు సేవా కేంద్రంలోనో పది మందిని కూర్చోబెట్టి టీవీలో చూపించాలంటే నిలువు వీడియో పనికిరాదు. వెనక కూర్చున్నవాళ్లకి ఏమీ కనపడదు.

జీవామృతం తయారీనే తీసుకోండి. 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల డ్రమ్ము. ఇవన్నీ వరుసగా పేర్చి ఒక్కొక్కటీ చూపిస్తూ, కలిపే పద్ధతి చెబుతూ పది నిమిషాల వీడియో చేస్తే అది అడ్డంగా ఉండాలి. మనిషి, డ్రమ్ము, సామాను అన్నీ పక్కపక్కన పడతాయి. అదే, కర్రతో కలిపే తీరు ఒక్కటే అర నిమిషం చూపించాలంటే నిలువు ఫ్రేమ్ బాగుంటుంది. డ్రమ్ము నిలువుగా ఉంటుంది, కలిపే మనిషీ నిలువుగానే ఉంటాడు.

అయిదంచెల తోటలో కింద పసుపు, అల్లం నుంచి పైన కొబ్బరి దాకా ఎత్తులు చూపించాలంటే నిలువు. అదే తోటలో సాళ్ల మధ్య దూరాలు, ఏ వరుసలో ఏం వేశారో చూపించాలంటే అడ్డం.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. 2024 అక్టోబర్ 15 నుంచి యూట్యూబ్‌లో పెట్టే నిలువు వీడియో, చదరపు వీడియో 3 నిమిషాల లోపు ఉంటే షార్ట్స్ కింద లెక్క. కాబట్టి రెండున్నర నిమిషాల వీడియో మామూలు వీడియోగానే ఉండాలనుకుంటే అడ్డంగా తీయండి.

అడ్డంగా తీసేసి తర్వాత నిలువుగా కోసుకుందాంలే అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 1920×1080 వీడియోలోంచి 9:16 కోస్తే 1920 వెడల్పులో దాదాపు 607 మాత్రమే మిగులుతుంది. మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ పోతుంది. రెండు విధాలా వాడాలని ముందే అనుకుంటే ముఖ్యమైనది ఎప్పుడూ ఫ్రేమ్ మధ్యలో ఉండేలా కాస్త దూరం నుంచి తీయండి. ఇంకా మంచి పని, ముఖ్యమైన ముక్కని రెండుసార్లు తీసుకోండి.

వీడియో మొదలుపెట్టాక మధ్యలో ఫోన్ తిప్పకండి. మొదట ఎలా పట్టుకుంటే చివరిదాకా అదే ఆకారం. మధ్యలో తిప్పితే పొలం పక్కకి ఒరిగిపోతుంది. ముందు ఫోన్ తిప్పుకోండి, తర్వాత ఎర్ర బటన్ నొక్కండి.

నిలువు వీడియోల్లో కుడి పక్కన లైకు గుర్తులు, అడుగున పేరు, వివరాలు వచ్చి కూర్చుంటాయి. మీ ఫోన్ నంబరు, ధర అక్కడ రాస్తే ఎవరికీ కనపడవు. మధ్యలో గానీ కాస్త పైన గానీ రాయండి. మామూలు వీడియో ముందు పెట్టే బొమ్మ, అదే థంబ్‌నెయిల్, 1280×720లో చేసుకోండి. దానికి కుడి పక్క అడుగు మూలలో వీడియో నిడివి అంకెలు వస్తాయి, అక్కడ ఏమీ రాయకండి.

సాగదీస్తే నమ్మకం పోతుంది

ఒక ఆకారంలో ఉన్న ఫోటోని ఇంకో ఆకారంలో పెట్టడానికి మూడే దారులు. కోయడం, ఖాళీ పట్టీలు వదలడం, సాగదీయడం. మొదటి రెండూ అవసరాన్ని బట్టి చేసుకోవచ్చు. మూడోది మాత్రం ఎప్పుడూ వద్దు.

4:3 ఫోటోని సాగదీసి 16:9 చేస్తే అందులో ప్రతి వస్తువూ మూడో వంతు అదనంగా వెడల్పవుతుంది. గుండ్రటి టమాటా కోలగా కనపడుతుంది. ఆవు ఉన్నదానికంటే పుష్టిగా కనపడుతుంది. చిట్టి ముత్యాల బియ్యం పొడవు గింజలా కనపడుతుంది. ఆ ఫోటో చూసి డబ్బు పంపినాయన సంచి విప్పగానే 'ఇవి ఆ బియ్యం కావు' అంటాడు. మనం ఏ మోసమూ చేయలేదు, కానీ మన ఫోటో చేసింది. సర్టిఫికెట్ కంటే ముందు మాట మీద, ముఖం మీద అమ్ముకునే మనకి ఇది చిన్న దెబ్బ కాదు.

ఫ్లెక్సీ షాపులోనూ ఇదే జరుగుతుంది. సంతలో కట్టడానికి 6×3 అడుగుల ఫ్లెక్సీ చెప్పి, 4:3 ఫోటో ఇచ్చామనుకోండి. 6×3 అంటే 2:1. ఫోటో నిండుగా పరవాలంటే ఎత్తులో మూడో వంతు కోయాలి. పని తొందరలో సాగదీసేస్తే అన్నీ ఒకటిన్నర రెట్లు వెడల్పవుతాయి. ఫ్లెక్సీ కొలత ముందే అడగండి, పైనా కిందా కోసినా పోని ఫోటో ఇవ్వండి, ప్రింటుకి ముందు నమూనా చూడండి. సాగదీశారో లేదో కనిపెట్టడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. ఫోటోలో గుండ్రంగా ఉండాల్సింది ఏదైనా చూడండి, పళ్లెం, బండి చక్రం, డ్రమ్ము మూత. అది కోడిగుడ్డులా ఉంటే సాగదీసినట్టే.

ముందు, తర్వాత: పోల్చి చూపించాలంటే

తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి, నేల ఎలా మారిందో చూపించాలనుకుంటాం. మొదటి ఫోటో అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది ఇంకో మూల నుంచి తీస్తే పోలిక నిలవదు. చూసేవాళ్లు ఇది వేరే పొలం అంటారు, వాళ్ల తప్పేమీ లేదు.

గట్టు మీద ఒక కర్ర పాతండి. పదిహేను రోజులకొకసారి అదే కర్ర దగ్గర నిలబడి, అదే ఎత్తులో, అదే ఆకారంలో ఫోటో తీయండి. దూరంగా ఒక చెట్టో, కరెంటు స్తంభమో ప్రతిసారీ ఒకే చోట పడేలా చూసుకోండి. కెమెరాలో గ్రిడ్ గీతలు పెట్టుకుంటే ఇది సులువు.

నిలువుగా తీసిన 3:4 ఫోటోలు రెండు పక్కపక్కన పెడితే 6:4, అంటే చక్కగా 3:2 వస్తుంది. అడ్డంగా తీసిన 16:9 ఫోటోలు రెండు ఒకదాని కింద ఒకటి పెడితే 16:18, దాదాపు చదరం. ఎక్కడా కోయాల్సిన పనిలేదు.

పొలానికి వెళ్లే ముందు గుర్తుంచుకోవాల్సినవి

- ఫోటోలకి కెమెరాలో 4:3 పెట్టి వదిలేయండి. ఫుల్ వద్దు.
- సమస్య అడగాలంటే పొలం అడ్డంగా, మొక్క నిలువుగా, ఆకు దగ్గరగా. మూడూ పంపండి, కోయకుండా పంపండి.
- వివరంగా చెప్పే వీడియో, టీవీలో చూపించే వీడియో 16:9. చిన్న వీడియో, స్టేటస్ 9:16.
- ప్రొఫైల్ బొమ్మకి చదరం. అది గుండ్రంగా కనపడుతుంది కాబట్టి మూలల్లో పేరు, నంబరు రాయకండి.
- ఏ ఫోటోనీ సాగదీయొద్దు, ఎవరినీ సాగదీయనివ్వొద్దు.
- అసలు ఫోటోని ఫోన్‌లో దాచుకోండి, కోసింది మాత్రమే పంపండి. తెగులు ఫోటోకి మాత్రం అసలుదే పంపాలి.

ఖరీదైన ఫోన్ కొనాల్సిన అవసరం లేదండి. ఉన్న ఫోన్‌నే ఎలా తిప్పి పట్టుకోవాలో తెలిస్తే చాలు. రేపు పొలానికి వెళ్లినప్పుడు ఒకే మొక్కని 4:3లో ఒకటి, ఫుల్‌లో ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దాంట్లో ఏం పోయిందో మీకే కనపడుతుంది. మీ ఊళ్లో ఫోటోలు పంపే రైతులకి కూడా ఈ నాలుగు మాటలు చెప్పండి.